గడిని మీటింగ్ హాల్ చేయాలంటే

పాత గడిని, అంటే దొరల కోటలాంటి ఇంటిని, బాగుచేసి కాన్ఫరెన్స్ హాల్ పెడదామని వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది ఏసీ గురించే. ఎన్ని టన్నులు పడుతుంది, ఎంతవుతుంది అని. అది చివర్న చూసుకునే లెక్క. ముందు తేలాల్సింది, ఆ గడిలో మనం ముట్టుకోకూడని చోట్లు ఏవి అని. అవి తేలాక మిగిలిన జాగాలో హాల్ ఎక్కడ పడుతుందో చూడాలి. దీన్ని తిరగేసి ముందు హాల్ గీసుకుంటే, చరిత్ర అంతా రిసెప్షన్ పక్కన నాలుగు ఫ్రేముల్లోకి వెళ్లిపోతుంది.

నేను సూర్యాపేటలో సివిల్ ఇంజనీర్‌ని. సున్నం కట్టుబడి ఉన్న పాత ఇళ్ల పనులు ఎక్కువగా చేస్తాను. తుంగతుర్తి వైపు ఒక ఊళ్లో గడిని సభలు, వర్క్‌షాపులు జరుపుకునే స్థలంగా మార్చే పని మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఊరి పేరు రాయొద్దని యజమానులు అడిగారు కాబట్టి రాయడం లేదు. ఇక్కడ చెప్పేవన్నీ ఎక్కువగా ఆ పని నుంచే.

మొదట మనుషులు, తర్వాత టేపు

ఉమ్మడి నల్లగొండ గడులకు ఒక్క చరిత్ర ఉండదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయారు. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోదే. అక్కడి నుంచి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది, నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చింది. ఆ తర్వాత కూడా తెలంగాణ సాయుధ పోరాటం ఆగలేదు, 1951 అక్టోబర్‌లో విరమించారు. ఈ ఐదేళ్లలో ఒకే గడి ముందు దొర కచేరి, తర్వాత జనం తలుపులు తీసి ధాన్యం పంచుకున్న చోటు, ఆ తర్వాత సైన్యమో పోలీసులో దిగిన క్యాంపు అయి ఉండొచ్చు. మా గడి ఈ మూడూ అయింది. ఆ మీద కొన్నాళ్లు హాస్టల్, మరికొన్నాళ్లు ఎరువుల గోదాం. కాబట్టి ప్రతి అర్ర గురించీ "ఇది ఏమిటి" అని కాకుండా, "సంఘం రాకముందు ఏమిటి, సంఘం ఉన్నప్పుడు ఏమిటి, మిలట్రీ వచ్చాక ఏమిటి" అని మూడుసార్లు అడగాలి. సంఘం అంటే పోరాటం నడిపిన ఆంధ్ర మహాసభ.

గడి ప్లాన్‌ను పెద్ద కాగితం మీద ప్రింట్ తీసుకుని ఊళ్లోకి వెళ్లండి. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గర. ఆర్కిటెక్ట్ డ్రాయింగులు ఒక నెల ఆగినా ఫరవాలేదు, వాళ్ల మాటలు రికార్డు చేసే పని ఆగకూడదు. గ్రామ పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి అడగొద్దు. అక్కడ పెద్దమనుషులే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు. ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని అడగండి. ఆడవాళ్లను వేరుగా అడగండి. గడిలో వడ్లు దంచింది, పేడ తీసింది, పిలిచినప్పుడల్లా రావాల్సి వచ్చింది వాళ్లే. కొన్ని సంగతులు కొడుకుల ముందు చెప్పరు. దొర వారసుల మాట కూడా రాసుకోవాలి. రెండు కథలు పొసగకపోతే రెండూ అట్లాగే రాసిపెట్టండి, మధ్యలో మీ తీర్పు వద్దు.

మా దగ్గర వెనక పెరట్లో ఒక రాతి రోలు ఉండేది. దాన్ని గేటు దగ్గరికి తెచ్చి పూలమొక్క పెడితే బాగుంటుందని కాంట్రాక్టర్ ఆలోచన. అప్పటికి జరిపేశారు కూడా. ఒక అవ్వ వచ్చి, "ఏం బిడ్డా, మా అమ్మ దంచిన రోలు యాడికి పోయింది?" అంది. మర్నాడే మళ్లీ పాత చోటికి చేర్చాం. ప్లాన్ మీద ఆ రోలు ఉన్న చోట ఎర్ర చుక్క పడింది.

రంగులు మూడే వాడాం. ఎర్ర రంగు వేసిన చోట ఏమీ మార్చం, కూలకుండా మాత్రం చూసుకుంటాం. పసుపు చోట పాత పద్ధతిలో మరమ్మతు. ఆకుపచ్చ చోట కొత్త అవసరాలకు మార్చుకోవచ్చు. హాస్టల్ రోజుల్లో కట్టిన సిమెంటు ఇటుక గోడలు, రేకుల షెడ్డు ఆకుపచ్చలోకి వచ్చాయి. కొత్త పని అంతా వీలైనంత వరకు వాటి జాగాలోనే ఇరికించాం.

పెద్ద వాదన కచేరి గది మీద జరిగింది. ఎత్తయిన గద్దె, చెక్కిన టేకు స్తంభాలు, ఫోటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్ని వీఐపీ లాంజ్ చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ గద్దె మీద కూర్చున్నవాళ్ల ముందు, కింద వాకిట్లో చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మనవలు ఇప్పుడు ఆ ఊరి వార్డు మెంబర్లు. అక్కడ సోఫాలు వేసి ముఖ్య అతిథికి కాఫీ ఇస్తుంటే వాళ్లు ఎక్కడ నిలబడాలి? గద్దె ఖాళీగా ఉంది ఇప్పుడు. ఎవరూ ఎక్కరు, కింద వాకిట్లో నిలబడి చూస్తారు, అంతే.

హాల్‌కి ధాన్యం కొట్టును ఎంచుకున్నాం. పొడవాటి గది, మూడడుగుల మందం రాతి గోడలు, పైన చిన్న చిన్న గవాక్షాలు. నాగులకు (అప్పిచ్చిన ధాన్యానికి వడ్డీతో కలిపి), లెవీకి (సర్కారుకు తప్పక ఇవ్వాల్సిన ధాన్యానికి) గుంజుకున్న వడ్లు అందులోనే ఉండేవి. తర్వాత ఊరంతా వచ్చి తాళం పగలగొట్టి పంచుకున్నదీ అక్కడే. నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి అంతకన్నా తగిన గది ఆ గడిలో లేదని నా అభిప్రాయం.

కాగితాలు

ఇది విసుగు పుట్టించే పని, అయినా తప్పదు. వ్యవసాయ భూమి అయితే 1954-55 కాస్రా పహాణీ (భూమి రికార్డు) నుంచి వరసగా చూసుకోండి. గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లున్న జాగా అయితే పంచాయతీ రికార్డులు. పాత కాగితాలు ఉర్దూలో, ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలయ్యే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది: 1357 ఫసలీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 సెప్టెంబర్ దాకా. ఉర్దూ చదివే రిటైర్డ్ టీచర్లు నల్లగొండలో దొరుకుతారు, గౌరవంగా అడిగి ఫీజు ఇవ్వండి.

రాష్ట్ర వారసత్వ శాఖ జాబితాలో ఆ కట్టడం ఉందేమో చూడాలి. తెలంగాణకు 2017లో వచ్చిన వారసత్వ చట్టం ఉంది. దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఏదైనా ఉంటే దాని చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లలో అనుమతి తీసుకునే కట్టాలి. వాడకం మారుతోంది కాబట్టి బిల్డింగ్ పర్మిషన్, ఫైర్ అనుమతి, కమర్షియల్ కరెంటు కనెక్షన్ కావాలి. ఫైర్ వాళ్లను డ్రాయింగు దశలోనే పిలిచి చూపించండి.

గోడలు, కప్పు

నేను చూసిన పాత గోడల్లో ఎక్కువ పాడైనవి యుద్ధం వల్ల కాదు, సిమెంటు వల్ల. రాయి, మట్టి, సున్నంతో కట్టిన గోడ నేల నుంచి తేమ పీల్చుకుంటుంది, పైనుంచి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే ఎండాకాలం ఒంటికి ప్లాస్టిక్ కవర్ తొడిగినట్టే. తేమ లోపలే ఉండి పైకి ఎక్కుతుంది, ఉప్పు తేలి చౌడు పడుతుంది, ప్లాస్టరింగ్ రాతి ముక్కలతో సహా ఊడిపోతుంది. ఆయిల్ పెయింట్, వాల్ పుట్టీ చేసేదీ ఇదే.

కాబట్టి మొదటి పని సిమెంటు పొర తీయడం. చిన్న సుత్తి, ఉలితో తీయించండి, బ్రేకర్ మెషిన్ గేటు లోపలికి రానివ్వొద్దు. తీశాక గోడను ఒక ఎండాకాలం అట్లా వదిలేయాలి. ఓనర్లకు ఇదే పెద్ద టెన్షన్, "పని ఆగిపోయిందా మేడం" అని ఫోన్ల మీద ఫోన్లు. ఆగలేదు, గోడ ఆరుతోంది అని చెప్పాలి.

తర్వాత డంగు సున్నం. కాల్చిన సున్నం నీళ్లలో వారాల తరబడి నాననివ్వాలి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపి గానుగలో నూరాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతారు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆ నీళ్లు కలిపితే చౌడును మనమే గోడలోకి పంపినట్టు. మేం వానకాలం సంపులో పట్టిన నీళ్లు వాడాం, చాలనప్పుడు భగీరథ నీళ్లు తెప్పించాం. ఈ పని నడి ఎండల్లో చేయొద్దు. సున్నం గాలిని పీల్చుకుని మెల్లగా గట్టిపడాలి, తొందరగా ఎండితే పొడి రాలుతుంది. తడి గోనె పట్టాలు కట్టి ఉంచాలి. మేం దసరా తర్వాత మొదలుపెట్టాం.

గోడ మీద కన్నాలు కనిపిస్తాయి. ఊరివాళ్లు, వచ్చేవాళ్లు అందరూ బుల్లెట్ గుర్తులే అంటారు. అన్నీ కావు. వరసగా, ఒకే ఎత్తులో, చతురస్రంగా ఉంటే అవి కట్టేటప్పుడు పరంజా కట్టెలు దూర్చిన కన్నాలు. బుల్లెట్ తగిలితే రాయి చిట్లి మధ్యలో లోతుగా, చుట్టూ పళ్లెంలా లేస్తుంది. మా గడిలో దర్వాజ పక్క గోడకు మాత్రమే అట్లాంటివి ఉన్నాయి. వాటిని సున్నంతో పూడ్చలేదు, చుట్టూ అంచు మాత్రం రాలకుండా సర్దాం. మిగతా కన్నాల పక్కన "ఇవి పరంజా కన్నాలు" అని చిన్న బోర్డు పెట్టించాను. దీంతో కొందరు గైడ్లకు నా మీద కోపం.

కప్పు దగ్గర ఒకే మాట: పాత దూలాల మీద స్లాబు పోయొద్దు. ఆరంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 375 కిలోలు. ఆ బరువుకు దూలాలు కట్టలేదు, గోడలూ కట్టలేదు. పైన మట్టి తీసి, దూలాల చివర్లు గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. నడిమధ్య గట్టిగా ఉన్న టేకు కూడా గోడలో ఉన్న మూరెడు చెదలు తిని ఉంటుంది. పాడైన చివరను కోసి కొత్త టేకు ముక్క అతికించవచ్చు, దూలం మొత్తం మార్చక్కర్లేదు.

హాల్

మా ధాన్యం కొట్టు అరవై అడుగుల పొడవు, ఇరవై నాలుగడుగుల వెడల్పు. అంటే దాదాపు 134 చదరపు మీటర్లు. జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం కుర్చీలు వేసే సభా మందిరాల్లో దారులు, తలుపుల లెక్కకు మనిషికి 0.65 చదరపు మీటరు పట్టుకోవాలి. ఆ లెక్కన 206 మంది. మేం వేసింది నూట ఇరవై కుర్చీలే, టేబుళ్లతో అయితే డెబ్బై. కానీ తలుపులు మాత్రం ఆ పెద్ద లెక్కకే పెట్టాలి. అదే కోడ్ సభా భవనాల్లో బయటికి వెళ్లే తలుపు రెండు మీటర్ల కన్నా తక్కువ ఉండకూడదంటుంది. మాకున్నది మూడున్నర అడుగుల ఒక్క దర్వాజ. ధాన్యం దొంగలు పడకుండా కట్టిన గదికి తలుపులు ఎందుకుంటాయి మరి.

పాత గోడను పగలగొట్టాలా అని అందరం తల పట్టుకున్నాం. సిమెంటు పొర తీస్తే జవాబు దొరికింది. తూర్పు గోడలో కొంత భాగం రాయి కాదు, హాస్టల్ వాళ్లు నింపిన ఇటుక. దాని వెనక బండ్లు వచ్చే వెడల్పాటి పాత దారి, పైన రాతి కమాను చెక్కుచెదరకుండా ఉంది. ఇటుక తీసేశాం. పడమటి వైపు రేకుల షెడ్డు ఆనుకున్న చోట ఇంకొకటి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ప్లాస్టరింగ్ తీయకముందు డ్రాయింగులు ఫైనల్ చేయొద్దు.

పాత దర్వాజ కడపను కోయలేదు. బయట నేల నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తు ఉంది. వీల్‌చైర్‌కి ఒకటికి పన్నెండు వాలు కావాలి, అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంప్. దాన్ని తూర్పు దారికి, విప్పి తీయగలిగే ఇనుప ఫ్రేముతో కట్టాం.

లైట్లు, ప్రొజెక్టర్, ఫ్యాన్లు, స్పీకర్లు వేటినీ గోడకో దూలానికో బిగించొద్దు. హాల్ లోపల గోడలకు అడుగు దూరంలో ఇనుప స్తంభాల ఫ్రేమ్ ఒకటి నిలబెట్టించండి, దాని కాళ్లు దాని పాదాల మీదే ఉండాలి. అన్నీ దానికే వేలాడాలి. వైర్లు కూడా దాని వెంటే వస్తాయి. గోడకు గాడి కొట్టి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ ఎంత చవకైనా వద్దు. రేపు టెక్నాలజీ మారితే బోల్టులు విప్పి ఫ్రేమ్ తీసేస్తాం, గోడకు తెలియను కూడా తెలియదు.

రాతి గదిలో మాట మార్మోగుతుంది. మొదటిసారి మైక్ పెట్టి చూస్తే "సోదర సోదరీమణులారా" అన్నది నాలుగుసార్లు వినిపించింది. ఫోమ్ షీట్లు అంటించమన్నారు, సున్నం గోడకు జిగురు పెట్టడం నాకు ఇష్టం లేదు, ఫోమ్‌కి మంటంటే భయం కూడా. గొంగడి వాడాం. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే ముతక గొంగడి. చెక్క చట్రాలకు రెండేసి పొరలు బిగించి, ఇనుప ఫ్రేముకే వేలాడదీశాం, వెనక గోడకు నాలుగంగుళాల ఖాళీ వదిలాం. ఆ ఖాళీ ముఖ్యం, గోడకు ఆనిస్తే సగం పనే చేస్తుంది. ఉన్ని త్వరగా అంటుకోదు. పురుగు పట్టకుండా ఏడాదికోసారి ఎండలో వేయాలి. మహబూబ్‌నగర్ వైపు నేసేవాళ్లు ఇంకా ఉన్నారు, కొలతలు చెప్పి నేయించుకుంటే చట్రానికి సరిపోయేట్టు వస్తుంది.

ఇక ఏసీ. మూడడుగుల గోడ పగటి వేడిని సాయంత్రం దాకా లోపలికి రానివ్వదు. రాత్రి గవాక్షాలు తెరిచి గాలి ఆడనిస్తే పొద్దున్నే గది చల్లగా ఉంటుంది. ఏప్రిల్, మే తప్పించి మాకు నేల మీద నిలబెట్టే రెండు టవర్ ఏసీలు చాలుతున్నాయి. వాటి డ్రెయిన్ నీళ్లు గోడ మొదట్లో పడకుండా చూసుకోండి, ఆ చుక్కలే ఏడాదిలో చౌడు తెస్తాయి.

టాయిలెట్లు, వంటగది, జనరేటర్ గడి ప్రహరీకి బయట. సెప్టిక్ ట్యాంక్ పాత పునాదులకు, బావికి దూరంగా. బావి గురించి ఇంకో మాట. రజాకార్లు జనాన్ని చంపి బావిలో పడేసిన గుండ్రాంపల్లి లాంటి చోట్ల బావి అంటే ఊళ్లో ఏం గుర్తొస్తుందో తెలిసినవాళ్లు దాన్ని ఫౌంటెన్ చేయాలనుకోరు. మా దగ్గర బావి మీద ఇనుప జాలీ ఒక్కటే వేశాం. లైటింగ్ లేదు, సెల్ఫీ పాయింట్ లేదు.

నడపడం

పోరాటంలో చనిపోయినవాళ్ల స్తూపం ఆవరణలో ఉంటే దానికి వేరే గేటు పెట్టండి. లోపల ఏ కంపెనీ మీటింగ్ జరుగుతున్నా, ఊళ్లోవాళ్లు ఎవరినీ అడగకుండా వచ్చి దండ వేసి వెళ్లగలగాలి. స్తూపం మీద పేర్లు చెక్కించే ముందు ప్రతి కుటుంబానికి కాగితం చూపించి సంతకం తీసుకోండి. ఇంటిపేరు, ఊరి పేరు, తండ్రి పేరు ఏది ముందు రావాలన్న దాని మీద కూడా గొడవలు అవుతాయి.

పెళ్లిళ్ల గురించి తప్పకుండా అడుగుతారు. ఫంక్షన్ హాల్ చేస్తే డబ్బు వస్తుంది, నిజమే. డీజే బాక్సులు పెడితే సున్నం రాలుతుంది, పందిరి వాళ్లు ఎక్కడ పడితే అక్కడ మేకులు కొడతారు. మేం ఒక దారి పెట్టుకున్నాం: బయటివాళ్ల పెళ్లిళ్లు లేవు. ఆ ఊరి పిల్లల పెళ్లికి మాత్రం ముందున్న దొడ్డి, నామమాత్రపు అద్దెకు, డీజే లేకుండా. భోజనాలు ఊరి మహిళా సంఘానికి అప్పగించాం. హైదరాబాద్ నుంచి వచ్చే బ్యాంకు ట్రైనింగుల వాళ్లు జొన్నరొట్టె, పచ్చిపులుసు కోసం మళ్లీ బుక్ చేస్తున్నారు, ఇందులో నా ఇంజనీరింగ్ గొప్పతనం ఏమీ లేదు.

జూలై 4, సెప్టెంబర్ 17 తేదీలు బుకింగ్‌లోనే లేకుండా నియమావళిలో రాయించండి. సెప్టెంబర్ 17ను ఒకరు విమోచన దినం అంటారు, ఒకరు విలీన దినం అంటారు, ఇంకొకరు విద్రోహ దినం అంటారు. హాల్ ఎవరికిచ్చినా మిగతా ఇద్దరూ గేటు ముందు ఉంటారు. ఆ రోజు తలుపులన్నీ తెరిచి ఉంచుతాం, మైక్ ఎవరికీ ఇవ్వం.

డబ్బు దగ్గర దక్షిణాఫ్రికా అనుభవం చూడండి. జోహన్నెస్‌బర్గ్ దగ్గర రివోనియాలో లిలీస్‌లీఫ్ అనే ఫామ్ ఉంది. మండేలా డేవిడ్ మొత్సమాయి అనే పేరుతో దాక్కున్న చోటు. 1963 జూలై 11న పోలీసులు దాడి చేసి నాయకులను పట్టుకున్నది అక్కడే. దాన్ని మ్యూజియం చేశారు, సమావేశాలకూ వసతి పెట్టారు. అంత పేరున్న చోటు కూడా 2021లో డబ్బుల్లేక మూతపడింది. అదే నగరంలో పాత జైలు ఉన్న కొండ మీద రాజ్యాంగ న్యాయస్థానం కట్టినప్పుడు, కూల్చిన జైలు బ్లాకు ఇటుకలనే కోర్టు గోడలకు వాడారు. దాన్ని చూసే మేం హాస్టల్ గోడల్లోంచి తీసిన ఇటుకలను టాయిలెట్ బ్లాకుకి వాడాం, ఖర్చూ తగ్గింది.

మా లెక్క ఇట్లా ఉంటుంది: వచ్చిన ప్రతి అద్దెలోంచి మొదట కప్పు, సున్నం పనుల ఖాతాకు ఒక వంతు పోతుంది. ఆ తర్వాతే కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, మిగతావి. ఆ ఖాతాలోంచి తీయాలంటే ట్రస్టులో ఇద్దరితో పాటు ఊరి నుంచి ఒకరి సంతకం కావాలి. ఏటా మృగశిర కార్తెకు ముందే కప్పు మీది నీటి గొట్టాలు శుభ్రం చేయించాలి, గవాక్షాల్లో పావురాల గూళ్లు తీయించాలి, రావి మొలకలు చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో సహా పీకించాలి. పెద్దయ్యాక పీకితే రాయి కూడా వస్తుంది.